రెండు తీగల మీద సంభాషణ

తిరుపతి నుండి చిత్తూరుకు పోయే రోడ్డు మీద, చంద్రగిరి దాటిన తరువాత గాదంకి అనే గ్రామం వస్తుంది. అక్కడ 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానంలో 1,024 ఆంటెన్నాలు, వరుసకు 32 చొప్పున 32 వరుసలుగా నాటి ఉన్నవి. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకు చెందిన ఎం.ఎస్.టి. రాడార్ ఇదే. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనిని బట్టి పైనున్న గాలుల కదలికను ఇది కొలుస్తుంది. విచిత్రమేమంటే, ఈ ఆంటెన్నాలలో ఒక్కటి కూడా కదలదు. అయినా రాడార్ కిరణం ఒకసారి నిట్టనిలువుగా, మరొకసారి తూర్పుకో ఉత్తరానికో కొంచెం వాలుగా పోతుంది. ఒక వరుసకు తరంగం అందిన తరువాత ప్రక్క వరుసకు సెకనులో కొన్ని వందకోట్లవ వంతులు ఆలస్యంగా అందేట్లు చేస్తే చాలు, కిరణం వాలుతుంది. ఏ వరుసకు ఎంత ఆలస్యమో తెలిపే ఆదేశం మాత్రం సరిఅయిన చోటికి, సరిఅయిన వేళకు తీగల వెంట చేరాలి. అది చేరకపోతే వేయి ఆంటెన్నాలు ఉండి కూడా ప్రయోజనం లేదు.

ఇంత పెద్ద యంత్రంలో ఎదురయ్యే ఈ సమస్యే అరచేతిలో ఇమిడే పరికరాలలోనూ ఎదురవుతుంది. ఒక చిప్పు మరొక చిప్పుకు మాట ఎట్లా చెబుతుంది? సత్యవేడు ప్రాంతంలోని శ్రీసిటీలో 2015లో సెల్‌ఫోన్లు కూర్చే పని మొదలైనది. అటువంటి ఫోనులో 'వెలుతురు తక్కువగా ఉన్నది, ఇంకొంచెంసేపు కన్ను తెరచి ఉంచు' అని ప్రధానమైన చిప్పు కెమెరా చిప్పుకు చెప్పేది సాధారణంగా సన్నని రెండు తీగల మీదనే. చిప్పులు ఉమ్మడిగా వాడుకొనే ఇటువంటి తీగల కట్టను 'బస్' అంటారు. లాటిన్ భాషలో 'ఓమ్నిబస్' అంటే 'అందరికీ' అని అర్థం. ఊళ్ళ మధ్య తిరిగే బస్సుకూ, చిప్పుల మధ్యనున్న బస్‌కూ పేరు అక్కడి నుండే వచ్చినది. చంద్రగిరిలో ఎక్కేవారికి ఒక బస్సు, పాకాలలో ఎక్కేవారికి వేరొక బస్సు నడపరు కదా! అట్లాగే జతజతకూ వేరుగా తీగలు లాగకుండా అందరూ ఒకే దారిన మాట్లాడుకొనే ఏర్పాటు ఇది.

ఈ సంభాషణను హైస్కూలు విద్యార్థి తన కంటితో చూడవచ్చును. దానికి కావలసినవి చవకగా దొరికే ప్రయోగపు బోర్డులు. చిన్న కంప్యూటరు చిప్పు ఒకటి, దాని కాళ్ళన్నీ తీగలు గ్రుచ్చుకోవడానికి వీలుగా బయటికి తీసిన అచ్చు ఫలకం ఒకటి, ఇదే బోర్డు అంటే. 2016లో ప్రారంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద ఎంపికైన పాఠశాలలకు టింకరింగ్ ప్రయోగశాల కొరకు అయిదేండ్లలో రూ. 20 లక్షల వరకు సహాయం అందే ఏర్పాటు జరిగినది. అటువంటి ప్రయోగశాల లేని పాఠశాలలే ఎక్కువ. అక్కడ సైన్సు ఉపాధ్యాయుని చేతికి రెండు వేల రూపాయలు వస్తే గొప్ప. ఆ రెండు వేలతో ఏ బోర్డు కొనాలి?

దుకాణంలో అడిగితే, ఆ ధరకు వచ్చే వాటిలో వేగమైన బోర్డును ఒకదానిని చూపుతారు. ఉపాధ్యాయుడు దానిని కొని తెస్తాడు. రెండు వేల వస్తువు కాబట్టి కాలిపోతే ఎవరు జవాబు చెప్పాలనే భయం కూడా వెంట వస్తుంది. బోర్డు బీరువాలోకి చేరుతుంది, ఏడాదికొకసారి ప్రదర్శన నాడు బయటికి వస్తుంది. బస్‌ల విషయంలో ఈ ఎంపిక మరొక విధంగా కూడా తప్పు. బస్ అంటే సంభాషణ, సంభాషణకు ఇద్దరు కావాలి. ఒకే బోర్డుతో పిల్లవాడు ఒక వైపే చూస్తాడు. రెండవ వైపున ఉన్నది కొన్న సెన్సారు, దాని లోపల ఏమి జరుగుతున్నదో కనబడదు. అందుచేత ఒక ఖరీదైన బోర్డుకు బదులు ఒకే రకం చవక బోర్డులు రెండు కొనడం మేలు. ఒకటి పిలుస్తుంది, ఒకటి పలుకుతుంది. మిగిలిన డబ్బుతో ఆ ఇద్దరి మాటలను ప్రక్కనుండి వినే పరికరం ఒకటి కొనవచ్చును.

బోర్డు ఎంపికకు ముందు బస్‌ల స్వభావం కొంత తెలియాలి.

అన్నింటికంటె సులభమైనది యూఆర్ట్. దీనిని బస్ అనడం కంటె ఇద్దరి మధ్య టెలిఫోను అనడం సబబు. చెప్పడానికి ఒక తీగ, వినడానికి ఒక తీగ, ఉమ్మడి భూమి తీగ. గడియారపు తీగ లేదు. వేగాన్ని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. సెకనుకు 9,600 బిట్ల వేగమంటే ఒక్కొక్క బిట్టుకు 104 మైక్రోసెకన్లు. మొదలు, తుది గుర్తులతో కలిపి ఒక్క అక్షరానికి 10 బిట్లు కావాలి కాబట్టి సెకనుకు 960 అక్షరాలు పోతాయి. ఇద్దరి గడియారాలకూ నూటికి అయిదు వంతులకు మించి తేడా వస్తే పదవ బిట్టు నాటికి అర బిట్టు జారిపోయి అక్షరాలు చెడుతాయి. తెరపై పిచ్చి గుర్తులు కనబడితే తొంభై పాళ్ళు వేగం ఒప్పందంలో పొరపాటే కారణం.

ఐ2సీ పద్ధతిని 1982లో హాలెండు దేశపు ఫిలిప్స్ కంపెనీవారు రూపొందించారు. తరగతిలో హాజరు పిలవడం తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. తీగలు రెండే: ఒకటి గడియారపు తీగ, రెండవది మాటల తీగ. బస్ మీదనున్న ప్రతి చిప్పుకూ ఒక నంబరు ఉంటుంది. పిలిచే బోర్డు ముందు నంబరును ఏడు బిట్లలో పలుకుతుంది. ఎనిమిదవ బిట్టులో 'విను' అనో 'చెప్పు' అనో తెలుపుతుంది. తొమ్మిదవ గడియారపు దెబ్బకు పిలిచే బోర్డు మాటల తీగను వదలిపెట్టి ఊరుకుంటుంది. ఆ నంబరు గల చిప్పు బస్ మీద ఉంటే తీగను క్రిందికి లాగి 'ప్రెజెంట్ సార్' అంటుంది. ఎవరూ లాగకపోతే ఆ చిప్పు గైర్హాజరు. ఏడు బిట్లతో 128 నంబర్లు వస్తాయి. 16 నంబర్లను ప్రత్యేకావసరాలకు కేటాయించారు కాబట్టి చిప్పులకు మిగిలేవి 112. అన్ని నంబర్లనూ వరుసగా పిలిచి ఎవరు పలికారో చెప్పే పది పంక్తుల ప్రోగ్రామే విద్యార్థి చేయవలసిన మొదటి ప్రయోగం.

క్రిందికి లాగడం అన్న మాటలో ఈ పద్ధతి మర్మమంతా ఉన్నది. ఈ తీగలను ఏ చిప్పూ పైకి నెట్టదు, లాగడం మాత్రమే చేయగలదు. పైకి తీసుకుపోయేది విద్యుత్తుకు కట్టిన ఒక నిరోధకం. పైన స్ప్రింగుకు వ్రేలాడదీసిన త్రాడువంటిది అనుకోవచ్చును. ఎవరు లాగినా క్రిందికి వస్తుంది, అందరూ వదలితే తానే పైకి పోతుంది. ఇద్దరు ఒకేసారి లాగినా ఎవరికీ దెబ్బ తగలదు. ఈ నిరోధకాన్ని పెట్టడం మరచిపోవడమే ఐ2సీ ప్రయోగాలలో చాలా తరచుగా జరిగే తప్పు. సాధారణంగా 4.7 కిలో ఓములది వాడుతారు. చాలా సెన్సారు పలకల మీద అది ముందే అతికి ఉంటుంది. రెండు బోర్డులను నేరుగా కలిపినప్పుడు మాత్రం విడిగా పెట్టుకోవాలి.

తీగ పొడవు పెరిగితే ఏమవుతుంది? తీగల జతకు మీటరుకు సుమారు 50 నుండి 100 పీకోఫారడ్ల ధారిత ఉంటుంది. నిరోధకం ఆ ధారితను నింపుకుంటూ తీగను పైకి తేవాలి. సెకనుకు లక్ష దెబ్బల వేగంలో తీగ పైకి రావడానికి ఇచ్చిన గడువు ఒక మైక్రోసెకను. 4.7 కిలో ఓముల నిరోధకంతో లెక్క కడితే 250 పీకోఫారడ్ల దగ్గరనే ఆ గడువు తీరుతుంది, అనగా మూడు, నాలుగు మీటర్లకు మించి నమ్మకం లేదు. పాఠశాల మిద్దె మీద ఉష్ణమాపకాన్ని పెట్టి క్రింద ప్రయోగశాలలో బోర్డుకు ఐ2సీతో కలపాలని చూసి, ఒక రోజు పని చేసి మరొక రోజు పని చేయలేదని విసుగుకొనేవారికి కారణం ఇక్కడ ఉన్నది. నిరోధకాన్ని 2.2 కిలో ఓములకు తగ్గిస్తే కొంత మెరుగు. అంతకంటె మంచిది ఆ పనికి తగిన వేరొక బస్‌ను ఎన్నుకోవడం. డీఎస్18బీ20 అనే ఉష్ణమాపక చిప్పు 'వన్‌వైర్' పద్ధతిలో ఒకే ఒక్క మాటల తీగ మీద ఇంతకంటె చాలా దూరం పలుకుతుంది. ఒక్క హెచ్చరిక: కొలవమని ఆజ్ఞ ఇవ్వకుండానే, లేదా ఇచ్చి ముప్పాతిక సెకను ఆగకుండానే విలువ అడిగితే ఆ చిప్పు '85 డిగ్రీలు' అని చెబుతుంది. రేణిగుంట మే నెల ఎండకు కూడా 85 రాదు కాబట్టి తప్పు వెంటనే పట్టుబడుతుంది!

ఎస్‌పీఐ వేగానికి పెట్టింది పేరు. మోటరోలా కంపెనీ నుండి వచ్చిన ఈ పద్ధతిలో నంబర్లు లేవు. ప్రతి చిప్పుకూ ఒక 'ఎంపిక తీగ' విడిగా పోతుంది. హాజరు పలకడం కూడా లేదు కాబట్టి అవతలివాడు విన్నాడో లేదో పిలిచినవాడికి తెలియదు. తెరలు, మెమరీ కార్డులు దీని చోటు.

క్యాన్ మాత్రం వేరే జాతి. జర్మనీలోని బాష్ కంపెనీ కారులలో తీగల బరువు తగ్గించడానికి దీనిని తయారుచేసి 1986లో ప్రకటించినది. ఇక్కడ పిలిచేవాడంటూ ఒకడు లేడు, ఎవరైనా మాట్లాడవచ్చును. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే? ప్రతి సందేశానికి ముందు ఒక సంఖ్య ఉంటుంది. బస్ మీద 0 ఎప్పుడూ 1ని అణచివేస్తుంది. తాను 1 పలుకగా తీగ మీద 0 వినబడిన చిప్పు ఊరుకొని తప్పుకుంటుంది. చిన్న సంఖ్య గల సందేశం ఒక్క బిట్టు కూడా చెడకుండా ముందుకు పోతుంది. బ్రేకులకు సంబంధించిన సందేశానికి చిన్న సంఖ్య, అద్దాలు దించే సందేశానికి పెద్ద సంఖ్య ఇవ్వడంలోని వివేకం పిల్లలు తమంతట తామే గ్రహిస్తారు. ఈ బస్ రెండు చివరలా 120 ఓముల నిరోధకం ఉండాలి. విద్యుత్తు తీసివేసి రెండు తీగల మధ్య మల్టీమీటరు పెడితే 60 ఓములు చూపాలి. 120 చూపితే ఒక చివర తప్పిపోయినదని అర్థం. పదవ తరగతిలోని సమాంతర నిరోధకాల పాఠానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక బోర్డులు. ఎక్కువ పాఠశాలలలో కనబడేది ఆర్డుయినో ఊనో. 16 మెగాహెర్ట్జ్ వేగం, 2 కిలోబైట్ల పని మెమరీ ఈనాటి లెక్కకు స్వల్పమే. అయితే నేర్చుకోవడానికి పుస్తకాలూ, ఉదాహరణలూ దీనికున్నన్ని మరి దేనికీ లేవు. 5 వోల్టులది కావడం వలన మొరటుతనం కూడా ఎక్కువే, పిల్లల చేతిలో త్వరగా చావదు. యూఆర్ట్, ఐ2సీ, ఎస్‌పీఐ ఒక్కొక్కటే ఉన్నవి. ఆ ఒక్క యూఆర్ట్ కూడా కంప్యూటరుతో మాట్లాడడానికే సరిపోతుంది. దానిని బయటి పరికరానికి కలిపితే ప్రోగ్రాము ఎక్కదు, ఎందుకెక్కలేదో మొదట ఎవరికీ తెలియదు. అసలు కంపెనీ బోర్డు రెండు వేలు దాటుతుంది. అదే నమూనాలో ఇతరులు చేసినవి అయిదారు వందలకు దొరుకుతాయి. నమూనా అందరికీ తెరచి ఉంచినది కాబట్టి అవి దొంగ సరుకు కావు. అసలు కంపెనీ పేరు అచ్చువేసుకొని అమ్మేవి మాత్రం దొంగవే.

బస్‌ల ప్రయోగానికి రాస్ప్‌బెర్రీ పై పీకో ఇంతకంటె తగినది. 2021 జనవరిలో 4 డాలర్ల ధరకు వచ్చిన ఈ బోర్డు మన దగ్గర నాలుగు వందల రూపాయల దరిదాపులలో లభిస్తుంది. దీనిలో యూఆర్ట్‌లు రెండు, ఐ2సీలు రెండు, ఎస్‌పీఐలు రెండు. అనగా ఒకే బోర్డులో ఒక ఐ2సీ పిలుస్తుంటే రెండవది పలుకుతుంది. రెండు కాళ్ళ మధ్య రెండు తీగలు కలిపితే సంభాషణ సిద్ధం. వీటికి తోడు పీఐఓ అనే విశేషం ఉన్నది. ఎనిమిది చిన్న యంత్రాలు, ఒక్కొక్కదానికి కొద్దిపాటి ఆజ్ఞలు. వాటితో విద్యార్థి తానే ఒక కొత్త బస్‌ను నిర్మించవచ్చును. ప్రోగ్రాములను మైక్రోపైథాన్‌లో గాని, ఆర్డుయినో పద్ధతిలో గాని వ్రాయవచ్చును.

ఈఎస్‌పీ32 ధర కూడా ఇంచుమించు ఇంతే. వైఫై ఉన్నదని చాలామంది దీనిని కొంటారు. బస్‌ల దృష్టితో చూస్తే దీని అసలు విలువ లోపలనే ఉన్న క్యాన్ నియంత్రకం. నియంత్రకం ఉన్నంత మాత్రాన చాలదు, తీగలను నడిపే 3.3 వోల్టుల ట్రాన్సీవరు పలక కూడా ఒక్కొక్క బోర్డుకు ఒకటి కొనాలి. క్యాన్ వరకు పోదలచిన తరగతికి రెండు ఈఎస్‌పీ32లు సరైన కొనుగోలు. దీని అన్నగారైన ఈఎస్‌పీ8266 ఇంకా చవకే గాని, దానిలో ఐ2సీ యంత్రభాగం లేదు. ప్రోగ్రాముతోనే దెబ్బ దెబ్బా నడపాలి.

'బ్లూ పిల్' అనే నీలిరంగు బోర్డు చూడగానే ఆశ పుట్టిస్తుంది. 72 మెగాహెర్ట్జ్, యూఆర్ట్‌లు మూడు, ఐ2సీలు రెండు, ఎస్‌పీఐలు రెండు, క్యాన్ కూడా! ధర అన్నింటికంటె తక్కువ. కాని చాలా బోర్డులలో యూఎస్‌బీ దగ్గర 1.5 కిలో ఓముల నిరోధకానికి బదులు 10 కిలో ఓములది అతికించారు, కంప్యూటరు గుర్తించదు. చిప్పు మీద పేరు ఒకటి, లోపల సరుకు మరొకటి అయినవి కూడా విరివిగా ఉన్నవి. క్యాన్, యూఎస్‌బీ రెండూ ఒకే మెమరీని పంచుకుంటాయి కాబట్టి ఒకేసారి పని చేయవు. తెలిసినవారి చేతిలో మంచి బోర్డే. మొదటి బోర్డుగా కొంటే తప్పు తనదో బోర్డుదో తేలక విద్యార్థి నీరసపడతాడు. చవక అనేది ధరలోనే కాదు, పోయే కాలంలో కూడా చూసుకోవాలి. మన దేశంలో సి-డాక్ సంస్థవారు రూపొందించిన తేజస్32 చిప్పుతో ఆరీస్ అనే బోర్డు కూడా వచ్చినది. స్వదేశపు చిప్పు లోపలి నిర్మాణాన్ని చదవగోరే పై తరగతులవారికి అది ఆసక్తికరం.

రెండు బోర్డులూ ఒకే వోల్టేజీవి కావాలన్నది మరవరాదు. ఊనో 5 వోల్టులది, పీకో, ఈఎస్‌పీ32 3.3 వోల్టులవి. ఊనో తీగను పీకో కాలికి నేరుగా కలిపితే, 3.3 దాటిన విద్యుత్తు చిప్పు లోపలి రక్షణ డయోడుల గుండా ప్రవహించి దానిని చంపవచ్చును. వెంటనే చావకపోవడం ఇంకా చెడ్డ, ఆ కాలు ఒక్కటే చెడి మిగిలినదంతా బాగున్నట్లు కనబడుతుంది. రెండు పంక్తుల అక్షరాలు చూపే ఎల్‌సీడీ పలకలు చాలావరకు 5 వోల్టులవే. వాటి ఐ2సీ నిరోధకాలు తీగను 5 వోల్టులకు లాగుతాయి. మధ్య ఒక లెవెల్ షిఫ్టరు పలక పెడితే సరి, దాని ఖరీదు ఒక కాఫీ, రెండు ఇడ్లీల పాటి.

వినే పరికరం పేరు లాజిక్ అనలైజరు. అగ్గిపెట్టె పరిమాణంలో ఎనిమిది తీగలు గలది ఆరు వందల లోపున దొరుకుతుంది. సెకనుకు 2 కోట్ల 40 లక్షల సార్లు తీగల స్థితిని చూసి కంప్యూటరుకు చెబుతుంది. పల్స్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఆ గీతలను చదివి 'నంబరు 118, చెప్పు, హాజరు' అన్నట్లు క్రింద వ్రాసి చూపుతుంది. తరగతిలో జరిగే మార్పు ఇక్కడే. అంతవరకు సెన్సారు పని చేయకపోతే తీగలు పీకి మరల గ్రుచ్చడమే ఉపాయం. ఇప్పుడు తొమ్మిదవ దెబ్బకు తీగ క్రిందికి వచ్చిందా లేదా అని చూడవచ్చును. రాకపోతే చిప్పు వినలేదు, వస్తే ప్రోగ్రాములో తప్పు. నిరోధకాన్ని కావాలనే తీసివేసి, తీగ పైకి లేవలేక క్రిందనే పడి ఉండడాన్ని ఒకసారి చూసిన విద్యార్థి దానిని మళ్ళీ మరువడు.

మరి రెండు తగాదాలను కూడా తరగతిలో కావాలనే పెట్టించవచ్చును. డీఎస్3231 అనే గడియారపు చిప్పు నంబరు 104. కదలికను కొలిచే ఎంపీయూ6050 నంబరు కూడా 104. రెండింటినీ ఒకే బస్ మీద పెడితే పిలుపుకు ఇద్దరూ పలుకుతారు, మాటలు కలగాపులగమవుతాయి. రెండవ చిప్పుకున్న ఒక కాలిని విద్యుత్తుకు కలిపితే దాని నంబరు 105 అవుతుంది, తగాదా తీరుతుంది. రెండవది అంగడి తగాదా. గాలి పీడనాన్ని కొలిచే బీఎంపీ280, దానితోపాటు తేమను కూడా కొలిచే బీఎంఈ280 చూపులకు కవలలు. చవక దానిని ఖరీదైన దాని పేరుతో అంటగట్టడం కద్దు. చిప్పునే అడిగితే సరి. తన జాతి సంఖ్యను మొదటిది 88 అని, రెండవది 96 అని చెబుతుంది. తెరపై ఇవి షోడశాంశ పద్ధతిలో 58, 60 అని కనబడుతాయి. అమ్మినవాడు అబద్ధమాడినా చిప్పు ఆడదు.

రెండు పీకోలు, ఒక అనలైజరు, ఒక బీఎంపీ280 పలక, తీగలు గ్రుచ్చే పలక, జంపరు తీగలు, నాలుగు నిరోధకాలు, అన్నీ కలిపి రెండు వేల లోపునే వస్తాయి. ఒక పీకో కాలినా పోయేది నాలుగు వందలు. పీకో కాలిన నాడు ఎందుకు కాలినదో అనే పాఠం మిగులుతుంది.

ఈ సామగ్రితో చేయదగిన ప్రయోగం ఈ ప్రాంతంలోనే ఒకటి ఉన్నది. బీఎంపీ280ని పీకోకు కలిపి, బ్యాటరీ పెట్టి, పది సెకన్లకొకసారి పీడనాన్ని వ్రాసుకొనేట్లు చేయాలి. ఒక్కసారి చదవడానికి బస్ మీద పట్టే కాలం ఒక మిల్లీసెకనుకు లోపే. తిరుమల కొండ దగ్గరిదే గాని, అలిపిరి తనిఖీ దగ్గర తీగలు వ్రేలాడే పెట్టెను తీసి చూపి బస్ సిద్ధాంతాన్ని వివరించే ఓపిక అందరికీ ఉండదు. మదనపల్లె నుండి హార్స్‌లీ కొండకు పోవడం సుఖం. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది, కొండ సుమారు 1,265 మీటర్లు. ఈ ఎత్తు తేడాకు పీడనం 60 మిల్లీబార్లకు దగ్గరగా తగ్గాలి. బస్సు మలుపు మలుపుకూ ఎక్కుతున్న కొద్దీ అంకె దిగుతూ ఉంటుంది. కొండపై దిగి అరగంట ఆగితే అంకె మెల్లగా మారడం ఇంకా కనబడుతుంది. అది వాతావరణ పీడనంలో సహజంగా వచ్చే మార్పు. దానిని ఎత్తు వలన వచ్చిన మార్పు నుండి విడదీయాలంటే రెండవ పీకోను, మరొక బీఎంపీ280తో, మదనపల్లెలోనే ఒకరి దగ్గర ఉంచి రావాలి.